ఆరు నెలలకోసారి మారే ఫెడోరాపై సర్వర్లు నడిపిన నా అనుభవం

2019 మధ్యలో నేను సర్వర్ల బాధ్యత తీసుకునేనాటికి మా దగ్గర పదకొండు సర్వర్లు ఉండేవి, అన్నింటి మీదా ఫెడోరాయే ఉండేది. ఫెడోరా ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్, అంటే సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కలిపి ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్. ఫెడోరాకు సుమారు ఆరు నెలలకొక కొత్త విడుదల వస్తుంది. ఒక్కో విడుదలకు, దాని తర్వాతి రెండో విడుదల వచ్చి నెల రోజులు గడిచే వరకు, అంటే దాదాపు పదమూడు నెలల పాటు మాత్రమే అప్‌డేట్లు అందుతాయి. ఏళ్ల తరబడి మద్దతు ఇచ్చే డిస్ట్రిబ్యూషన్లు ఉండగా సర్వర్లకు దీన్ని ఎందుకు వాడాలని చాలామంది నన్ను అడిగారు. మొదట్లో నేనూ అదే ప్రశ్న వేశాను. మా పనికి కొత్త కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం), అప్లికేషన్లను విడివిడిగా వేరుచేసి నడిపే కంటైనర్లకు కొత్త సాధనాలు అవసరం కావడం ఒక కారణం. రెండో కారణం నా పాత అనుభవం. అంతకుముందు నేను పనిచేసిన చోట, ఆరేళ్లు కదలకుండా ఉంచిన ఒక సర్వర్‌ను కొత్త తరానికి మార్చవలసి వచ్చింది. దాన్ని మొదట అమర్చినవాళ్లు ఎవరూ అప్పటికి అక్కడ లేరు, ఏ ఫైలును ఎందుకు మార్చారో చెప్పే కాగితం లేదు, ఆ ఒక్క యంత్రానికి మూడు నెలలు పట్టింది. మార్పు ఎప్పటికైనా తప్పదు కనుక, దాన్ని చిన్న చిన్న భాగాలుగా, అమర్చిన చేతులు ఇంకా ఇక్కడే ఉండగా తీసుకోవడం మేలని నాకు అనిపించింది. ఆ నమ్మకంతోనే ఫెడోరాను ఉంచాను. అయితే నమ్మకం ఒక్కటే చాలదని మొదటి అప్‌గ్రేడ్‌లోనే తెలిసింది.

ఫెడోరా 31 విడుదల 2019 అక్టోబరు 29న వచ్చింది. రెండు వారాలు ఆగి, మా అంతర్గత పనులకు మాత్రమే వాడే ఒక సర్వర్‌ను ముందుగా మార్చడానికి ఎంచుకున్నాను. ఈ పని రెండు దశల్లో జరుగుతుంది. ప్యాకేజీలను ఎక్కించే సాధనమైన డీఎన్‌ఎఫ్‌లోని సిస్టమ్-అప్‌గ్రేడ్ కమాండ్ ముందు కొత్త విడుదల ప్యాకేజీలన్నింటినీ దించుకుని, అవి ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూసుకుంటుంది; ఆ తర్వాత యంత్రం రీబూట్ అయి, సర్వీసులేవీ నడవని స్థితిలో ప్యాకేజీలను మార్చి, మళ్లీ రీబూట్ అవుతుంది. ఆ మధ్యకాలంలో, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ఉండదు. యంత్రం స్పందిస్తోందా అని అడుగుతూ ఉండే పింగ్ ఒక టెర్మినల్‌లో నడుస్తూ ఉండగా చూస్తూ కూర్చున్నాను. పద్దెనిమిది నిమిషాల తర్వాత జవాబులు రావడం మొదలైంది. లాగిన్ అయి చూస్తే వెబ్ సర్వర్ నడుస్తోంది, డేటాబేస్ నడుస్తోంది, కానీ కంటైనర్లలో ఉన్నవాటిలో ఒక్కటీ లేవలేదు. సీగ్రూప్ మౌంట్‌పాయింట్ లేదన్న ఒకే ఒక్క వాక్యం లాగ్‌లో పదేపదే కనిపించింది.

జరిగింది ఇది. ప్రాసెస్‌లకు మెమరీని, సీపీయూను పంచి హద్దులు పెట్టే సీగ్రూప్ వ్యవస్థకు రెండో వెర్షన్ అప్పటికే కెర్నెల్‌లో ఉంది, ఫెడోరా 31 దాన్ని డిఫాల్ట్‌గా చేసింది. కంటైనర్లు నడపడానికి మేము వాడుతున్న డాకర్‌కు అప్పట్లో మొదటి వెర్షన్ మాత్రమే తెలుసు. రెండో వెర్షన్‌కు మద్దతు 2020 డిసెంబరులో వచ్చిన 20.10తో గాని రాలేదు. పరిష్కారం పెద్దదేమీ కాదు: పాత సీగ్రూప్ అమరికనే వాడమని చెప్పే ఒక పారామీటర్‌ను, బూట్ అమరికలను మార్చే గ్రబీ కమాండ్‌తో అన్ని కెర్నెళ్లకూ చేర్చి రీబూట్ చేస్తే కంటైనర్లన్నీ లేచాయి. నన్ను బాధించిన విషయం వేరు. ఈ మార్పు గురించి విడుదలకు నెలల ముందే ఫెడోరా మార్పుల జాబితాలో రాసి ఉంది, డాకర్ వాడేవాళ్లు ఏం చేయాలో కూడా రాసి ఉంది. నేను చదవలేదు. దించిన ప్యాకేజీలు పొసగుతున్నాయని డీఎన్‌ఎఫ్ చెప్పగానే సర్వర్ కూడా సిద్ధంగా ఉందనుకున్నాను. ప్యాకేజీల మధ్య పొంతన మాత్రమే డీఎన్‌ఎఫ్‌కు తెలుస్తుంది. ఆ ప్యాకేజీల మీద మేము కట్టుకున్నది దానికి తెలియదు.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ప్రతి విడుదలకు ముందు ఫెడోరా ప్రాజెక్టు ఆమోదించిన మార్పుల జాబితాను మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. పక్కన మా యంత్రాల పట్టిక ఉంటుంది: ఏ యంత్రంలో ఏ సర్వీసు, అది ఏ భాషలో రాసినది, ఏ వెర్షన్ మీద ఆధారపడుతుంది, బయట దేనితో మాట్లాడుతుంది. ఒక్కో మార్పు దగ్గర ఆగి, ఇది మా యంత్రాల్లో దేనికి తగులుతుందని చూసుకుంటాను. జాబితాలో చాలావాటితో మాకు పని ఉండదు, అవి వేగంగానే దాటిపోతాయి. మొత్తం కలిపి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆ మధ్యాహ్నం విలువ తెలియడానికి ఇంకో దెబ్బ కూడా తగలవలసి వచ్చింది.

ఫెడోరాలో ఒక విడుదలను వదిలేసి దాని తర్వాతిదానికి నేరుగా వెళ్లడానికి అనుమతి ఉంది. ఏడాదికి రెండుసార్లు చేసే పనిని ఒక్కసారితో ముగించవచ్చన్న ఆలోచనతో 2020 చివర్లో 31 నుంచి నేరుగా 33కు వెళ్లాం. మర్నాడు ఉదయం, రోజూ రాత్రి ఒక పాత స్టోరేజీ పరికరానికి చేరవలసిన నివేదిక చేరలేదని తెలిసింది. ఆ నివేదిక ఒక కంటైనర్‌లో తయారవుతుంది, దాన్ని సర్వర్ మీది స్క్రిప్టు పరికరానికి పంపుతుంది. చూస్తే, పేర్లను నెట్‌వర్క్ చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ కంటైనర్‌కు అందడం లేదు. ఫెడోరా 32లో, ఫైర్‌వాల్‌ను నిర్వహించే ఫైర్‌వాల్‌డీ తన అంతర్గత యంత్రాంగాన్ని ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కు మార్చుకుంది, డాకర్ పాత పద్ధతిలో రాసే ఐపీటేబుల్స్ నియమాలతో అది పొసగలేదు. డాకర్ ఇంటర్‌ఫేస్‌ను నమ్మకమైన జోన్‌లో చేర్చాను, నివేదిక తయారైంది, కానీ మర్నాడు కూడా చేరలేదు. నేను చేసిన సవరణే తప్పేమోనని దాన్ని తీసేసి, మళ్లీ పెట్టి, ఒక రోజంతా ఫైర్‌వాల్ చుట్టూనే తిరిగాను. అసలు సంగతి ఏమిటంటే ఫెడోరా 33 తన క్రిప్టో విధానాన్ని బిగించి, కనెక్షన్లను గుప్తీకరించే టీఎల్‌ఎస్‌కు పాత వెర్షన్లైన 1.0, 1.1లను డిఫాల్ట్‌గా ఆపేసింది. ఆ పాత పరికరానికి 1.0 తప్ప మరేమీ రాదు. ఒకే లక్షణానికి రెండు విడుదలల నుంచి వచ్చిన రెండు కారణాలు ఉన్నాయి. ఒక్కో విడుదలకు విడిగా వెళ్లి ఉంటే ఒక్కోటి ఒక గంటలో తేలేది. అప్‌డేట్-క్రిప్టో-పాలసీస్ కమాండ్‌తో ఆ ఒక్క సర్వర్‌ను తాత్కాలికంగా ఫెడోరా 32 నాటి విధానంలో ఉంచి, రెండు నెలల్లో ఆ పరికరాన్నే మార్చాం. విడుదలలు దాటవేయడం మాత్రం అక్కడితో మానేశాను. కొత్త విడుదల వచ్చిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య, ఒక్క మెట్టే ఎక్కుతాం.

అందరూ అడిగే ప్రశ్న డేటాబేస్ గురించి. ఇక్కడ నేను కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే తరచూ మారే డిస్ట్రిబ్యూషన్ మీద అతి పెద్ద ప్రమాదం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మేము వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఫెడోరా 34తో పోస్ట్‌గ్రెస్ 12 పోయి 13 వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రధాన వెర్షన్ మారితే పాత డేటా ఫైళ్లను కొత్త సర్వర్ నేరుగా చదవలేదు. ఈసారి ముందే చదివి ఉన్నాను కనుక, అప్‌గ్రేడ్ తర్వాత సర్వీసు లేవకుండా, పాత డేటా ఫార్మాట్ కనిపించిందని, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-సెటప్‌తో అప్‌గ్రేడ్ చేయమని చెప్పి ఆగినప్పుడు కంగారు పడలేదు. పాత వెర్షన్ బైనరీలు ఉండే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-అప్‌గ్రేడ్ ప్యాకేజీని ముందే పెట్టాను, డేటా మొత్తానికి నకలు (డంప్) ఇంకో యంత్రంలో ఉంది. కమాండ్ ఇచ్చాను, ఏడు నిమిషాల్లో పని విజయవంతంగా ముగిసింది.

అయినా అప్లికేషన్లు ఒక్కటీ డేటాబేస్‌కు కనెక్ట్ కాలేదు. ఆ కమాండ్ పాత డేటా డైరెక్టరీని పక్కన పెట్టి కొత్తది సృష్టిస్తుంది, దానితో పాటు కాన్ఫిగరేషన్ ఫైళ్లు కూడా డిఫాల్ట్‌గా వస్తాయి. ఎవరు ఎక్కడి నుంచి లాగిన్ కావచ్చో చెప్పే ఫైలు, మెమరీ అమరికలు ఉన్న ఫైలు పాత డైరెక్టరీలోనే ఉండిపోతాయి. ఆ సంగతి తెరమీద హెచ్చరికగా వచ్చిందని తర్వాత పైకి స్క్రోల్ చేసినప్పుడు చూశాను. పాత ఫైళ్లతో పోల్చి మా మార్పులను తిరిగి చేర్చాక అప్లికేషన్లు కనెక్ట్ అయ్యాయి, కానీ రెప్పపాటులో తెరుచుకునే ఒక పేజీకి నలభై సెకన్లు పట్టింది. క్వెరీని ఏ మార్గంలో నడపాలో నిర్ణయించే ప్లానర్ టేబుళ్ల గణాంకాల మీద ఆధారపడుతుంది. ఆ వెర్షన్లలో అప్‌గ్రేడ్‌తో డేటా వస్తుంది గాని గణాంకాలు రావు. డేటాబేస్‌లన్నిటి మీదా వాక్యూమ్‌డీబీని దశలవారీ అనలైజ్‌తో నడిపి గణాంకాలను తిరిగి సేకరించాక పేజీ మామూలు స్థితికి వచ్చింది. ఈ మూడో మెట్టును మరిచిపోయి, కొత్త వెర్షనే నెమ్మదిగా ఉందని నిర్ణయానికి వచ్చినవాళ్లను నేను ఇద్దరిని చూశాను.

ఆ రాత్రి తర్వాత డేటాబేస్ వెర్షన్ ఫెడోరా క్యాలెండర్‌ను బట్టి మారకూడదని నిర్ణయించుకున్నాను. పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు తన సొంత రిపోజిటరీలో (ప్యాకేజీల నిల్వలో) ఫెడోరాకు కూడా ప్యాకేజీలు ఇస్తుంది. అందులో ఒక్కో ప్రధాన వెర్షన్ వేరే డైరెక్టరీలో ఉంటుంది, ఐదేళ్ల పాటు సవరణలు అందుతాయి. అక్కడికి మారాక ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్, డేటాబేస్ అప్‌గ్రేడ్ రెండు వేర్వేరు పనులయ్యాయి, వేర్వేరు నెలల్లో చేస్తాం. అయితే పూర్తిగా వేరుకాలేదు, ఆ మాట దాచడం సరికాదు. అక్షరాలను ఏ క్రమంలో పేర్చాలో పోస్ట్‌గ్రెస్ సాధారణంగా సిస్టమ్ ప్రాథమిక సి లైబ్రరీ అయిన గ్లిబ్‌సిని అడుగుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన గ్లిబ్‌సి 2.28లో ఆ క్రమం విస్తృతంగా మారింది. పాత క్రమంలో కట్టిన ఇండెక్స్‌ను (వరుసలను వేగంగా వెతికే సూచికను) కొత్త క్రమంతో వెతికితే ఉన్న వరుస కూడా లేనట్టు తేలవచ్చు, ఒకటే ఉండాల్సిన చోట రెండు చేరవచ్చు. ఎర్రర్ ఏదీ రాదు, అదే దీనిలోని భయంకరమైన గుణం. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ తన క్రమం వెర్షన్‌ను గుర్తుంచుకుని తేడా వస్తే హెచ్చరిస్తోంది గాని, నేను దాని మీదే ఆధారపడను. గ్లిబ్‌సి మారిన ప్రతిసారీ ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో ఇండెక్సులను పరీక్షిస్తాను, అనుమానం ఉన్న టెక్స్ట్ ఇండెక్సులను తిరిగి కడతాను. ఇదే కారణంగా, రెప్లికాను (ప్రధాన డేటాబేస్‌కు నకలుగా నడిచే సర్వర్‌ను) ఒక ఫెడోరా మీద, ప్రధాన సర్వర్‌ను ఇంకో ఫెడోరా మీద రోజుల తరబడి ఉంచను. రెప్లికాకు వచ్చేది ప్రధాన సర్వర్ కట్టిన ఇండెక్సే, దాన్ని చదివేది మాత్రం రెప్లికా గ్లిబ్‌సి.

పైథాన్ విషయం దీనితో పోలిస్తే చిన్నది. ఫెడోరా 35లో పైథాన్ 3.9 నుంచి 3.10కు మారినప్పుడు, సిస్టమ్ పైథాన్ మీద కట్టిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లన్నీ (ఒక్కో అప్లికేషన్‌కు విడిగా ఉండే మాడ్యూళ్ల అమరికలు) తమ మాడ్యూళ్లను కనుగొనలేకపోయాయి, ఎందుకంటే అవి 3.9 పేరున్న డైరెక్టరీలో ఉండిపోయాయి. ఫెడోరా పాత పైథాన్ వెర్షన్లను కూడా విడి ప్యాకేజీలుగా ఇస్తుంది కనుక, ఒక్కో అప్లికేషన్‌కు తన వెర్షన్‌ను పేరుతో సహా నిర్దేశించి, ఎన్విరాన్‌మెంట్‌ను ఒక్క కమాండ్‌తో తిరిగి కట్టేలా స్క్రిప్టు రాశాం. ఆ తర్వాత ఇది సమస్యగా మిగలలేదు.

కెర్నెల్ సంగతి కొంత వేరు. ఫెడోరాలో ఒకే విడుదల జీవితకాలంలో కూడా కెర్నెల్ కొత్త సిరీస్‌కు మారిపోతూ ఉంటుంది. సాధారణంగా దీనివల్ల ఇబ్బంది లేదు. డిఫాల్ట్‌గా మూడు కెర్నెళ్లు డిస్క్ మీద ఉంటాయి, కొత్తది బూట్ కాకపోతే మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు. ఇబ్బందల్లా కెర్నెల్‌లో భాగం కాని మాడ్యూళ్లతోనే. మా బ్యాకప్ సర్వర్‌లో అలాంటి మాడ్యూల్‌గా వచ్చే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఉండేది. దాన్ని తయారుచేసే ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రాజెక్టు ప్రతి వెర్షన్‌కూ అది మద్దతిచ్చే గరిష్ఠ కెర్నెల్ వెర్షన్ ఒకటి ఉంటుంది, ఫెడోరా తరచూ దాన్ని దాటిపోతుంది. ఒక ఉదయం రీబూట్ తర్వాత మాడ్యూల్ బిల్డ్ కాక, దాని డిస్కుల సమూహమైన పూల్ మౌంట్ కాక, బ్యాకప్ డైరెక్టరీ ఖాళీగా కనిపించింది. డేటాకు ఏమీ కాలేదు, పాత కెర్నెల్‌తో లేపగానే అంతా కనిపించింది, కానీ ఆ ఖాళీ డైరెక్టరీని చూసిన క్షణం నాకు ఇంకా గుర్తుంది. కొన్నాళ్లు కెర్నెల్‌ను లాక్ చేసి నడిపాను. కెర్నెల్‌ను ఆపితే భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి కనుక అది నిలబడే మార్గం కాదని గ్రహించి, ఆ సర్వర్‌ను కెర్నెల్‌లోనే భాగమైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు మార్చాను. జెడ్‌ఎఫ్‌ఎస్ గొప్ప ఫైల్‌సిస్టమ్, కెర్నెల్ నెమ్మదిగా కదిలే చోట నేను ఇప్పటికీ దాన్నే ఎంచుకుంటాను. ఫెడోరా మీద మాత్రం కెర్నెల్‌తో పాటే వచ్చే ఫైల్‌సిస్టమ్‌కే కట్టుబడి ఉంటాను.

ఇవన్నీ విడుదలల మధ్య మార్పులు. రోజువారీ అప్‌డేట్ల విషయంలో నేను నేర్చుకున్నది ఇంకా ముఖ్యమైనది. మొదట్లో మంగళవారం పరీక్షా యంత్రాన్ని అప్‌డేట్ చేసి, రెండు రోజులు చూసి, గురువారం మిగతావాటిని చేసేవాణ్ని. ఇది పరీక్ష అనుకున్నాను, కానీ కాదు. మంగళవారానికీ గురువారానికీ మధ్య రిపోజిటరీ మారిపోతుంది. గురువారం ఎక్కేది మంగళవారం నేను పరీక్షించిన ప్యాకేజీల సమూహం కాదు. ఒకసారి పరీక్షా యంత్రంలో లేని ఒక వెర్షన్ అసలు సర్వర్లలో కనిపించినప్పుడు గాని ఇది నాకు తట్టలేదు.

అందుకని సొంత మిర్రర్ (రిపోజిటరీకి మా దగ్గరుండే నకలు) ఏర్పాటు చేసుకున్నాం. ఫెడోరాలో విడుదలనాటి ప్రధాన రిపోజిటరీ ఆ తర్వాత మారదు, మారేది అప్‌డేట్స్ రిపోజిటరీయే, కనుక ఎప్పటికప్పుడు దించవలసింది దాన్ని మాత్రమే. ప్రతి సోమవారం రాత్రి రెపోసింక్‌తో దాన్ని దించి, ఆ రోజు తేదీ పేరున్న డైరెక్టరీలోకి హార్డ్ లింకులతో (ఉన్న ఫైలుకే ఇంకో పేరు పెట్టి) నకలు తీస్తాం. ప్యాకేజీ ఫైళ్లు వారాల మధ్య ఎక్కువగా ఒకటే కనుక డిస్క్ పెద్దగా ఖర్చు కాదు. మెటాడేటా ఉండే రెపోడేటా డైరెక్టరీని మాత్రం లింకు చేయకుండా విడిగా కాపీ చేయాలి, లేకపోతే వచ్చే వారం సింక్ పాత తేదీ మెటాడేటాను కూడా తిరగరాసే ప్రమాదం ఉంది. సర్వర్లన్నీ ఒక తేదీని సూచిస్తాయి. మంగళవారం పరీక్షా యంత్రాలు కొత్త తేదీకి వెళ్తాయి, గురువారం అంతగా కీలకం కాని రెండు సర్వర్లు, తర్వాతి మంగళవారం మిగతావి, అవి కూడా పరీక్షా యంత్రాలు వెళ్లిన అదే తేదీకి. ప్యాకేజీల సంతకాల తనిఖీ ఎప్పటిలాగే ఉంటుంది. ఈ ఏర్పాటుకు ఇంకో లాభం కూడా ఉంది: ఫెడోరా అప్‌డేట్స్ రిపోజిటరీలో ఒక ప్యాకేజీకి తాజా వెర్షన్ మాత్రమే ఉంటుంది కనుక, డీఎన్‌ఎఫ్ హిస్టరీ అన్‌డూతో వెనక్కి వెళ్లాలన్నా పాత వెర్షన్ దొరకదు. మా తేదీల డైరెక్టరీల్లో అది ఉంటుంది.

ఈ వారం రోజుల ఆలస్యం ఎప్పుడూ మంచిదేనా అన్న ప్రశ్నకు 2024వ సంవత్సరం రెండు జవాబులు ఇచ్చింది. మార్చి 29న, ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో బుద్ధిపూర్వకంగా వెనుకదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ బయటపెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు అర సెకను ఆలస్యం కావడం దగ్గర ఆయన అనుమానం మొదలైంది. ఆ వెర్షన్లు ఫెడోరాలో నిత్యం మారే అభివృద్ధి శాఖ అయిన రాహైడ్‌కు, ఇంకా విడుదల కాని 40కి చేరాయి. మా సర్వర్లు 39 మీద, అంటే పాత 5.4 సిరీస్ మీద ఉన్నాయి. కానీ 40ని ముందుగా చూడటానికి పెట్టుకున్న ఒక పరీక్షా యంత్రం ఉంది. దాన్ని ఆ సాయంత్రమే నెట్‌వర్క్ నుంచి తీసి, డిస్క్ తుడిచేసి, దాని మీద ఎప్పుడైనా వాడిన ఎస్‌ఎస్‌హెచ్ కీలన్నీ మార్చాం. మూడు నెలలకే, జూలై 1న, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో సీవీఈ-2024-6387 అనే లోపాన్ని క్వాలిస్ సంస్థ పరిశోధకులు వెల్లడించారు. ఇది లాగిన్ కాకుండానే యంత్రంపై పూర్తి అధికారం (రూట్) దక్కించుకునే అవకాశం ఉన్న లోపం, మా సర్వర్లన్నింటిలోనూ అదే శ్రేణి వెర్షన్ ఉంది. ఇక్కడ వారం ఆగడం తప్పు. లాగిన్ పూర్తి చేయడానికి గడువు పెట్టే లాగిన్ గ్రేస్ టైమ్‌ను సున్నా చేస్తే దాడి మార్గం మూసుకుపోతుందని సూచన ఉంది కనుక వెంటనే అన్నింటిలో అది పెట్టి, సవరించిన ప్యాకేజీ రాగానే అదొక్కటే అత్యవసర డైరెక్టరీలోకి తెచ్చి అదే రోజు ఎక్కించాం. మామూలు అప్‌డేట్లకు ఒక దారి, భద్రతా అత్యవసరానికి వేరే దారి ముందే గీసి ఉండాలి. ఆ రోజు ఉదయం కూర్చుని దారి గీసే వ్యవధి ఉండదు.

ఆ గ్రేస్ టైమ్ మార్పును ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (ఎస్‌ఎస్‌హెచ్‌డీ) ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలులో కాకుండా, పక్కనుండే డ్రాప్-ఇన్ డైరెక్టరీలో మూడు పంక్తుల చిన్న ఫైలుగా పెట్టాం, ప్యాకేజీ వచ్చాక ఆ ఫైలును తీసేశాం. ఏ సర్వీసుకైనా మేమిప్పుడు ఇలాగే చేస్తాం. ప్యాకేజీతో వచ్చిన ఫైలును నేరుగా మారిస్తే, తర్వాతి అప్‌డేట్ కొత్త ఫైలును ఆర్‌పీఎమ్‌న్యూ అనే పేరుతో పక్కన పెట్టి వెళ్లిపోతుంది, దాన్ని ఎవరూ చూడరు. మొదటి ఏడాది ఒక సర్వర్‌లో అలాంటివి ఇరవై మూడు లెక్కించాను, వాటిలో ఒకటి రెండేళ్ల నాటిది. తప్పనిసరై మార్చిన ఫైళ్లకు, ఆ తేడాలను పోల్చి చూపే ఆర్‌పీఎమ్‌కాన్ఫ్ నడుపుతాం, కాన్ఫిగరేషన్ ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీ మొత్తం ఈటీసీకీపర్ ద్వారా, మార్పుల చరిత్రను ఉంచే గిట్‌లో ఉంటుంది.

రీబూట్ గురించి కూడా చెప్పాలి. లైబ్రరీని అప్‌డేట్ చేసినంత మాత్రాన నడుస్తున్న సర్వీసు దాన్ని వాడదు, పాతదే మెమరీలో పట్టుకుని ఉంటుంది. ఏవి తిరిగి మొదలుపెట్టాలో, యంత్రాన్నే రీబూట్ చేయాలో నీడ్స్-రీస్టార్టింగ్ చెబుతుంది. మొదట్లో రీబూట్లను వీలైనంత వాయిదా వేసేవాణ్ని. ఐదు నెలలుగా ఆగకుండా నడిచిన ఒక సర్వర్ విద్యుత్ పోయి తిరిగి లేచినప్పుడు, అది బ్యాకప్ నెట్‌వర్క్‌ను చేరలేకపోయింది. రెండు గంటలు కేబుళ్లు, స్విచ్చి, ఫైర్‌వాల్ చూశాక, ఒక సహోద్యోగి షెల్ హిస్టరీ తిరగేస్తూ ఐదు నెలల కిందటి ఒక పంక్తి దగ్గర ఆగి, ఇది చూడండి అన్నారు. ఐపీ రూట్ యాడ్. ఎవరో ఆ రోజు చేత్తో ఇచ్చిన నెట్‌వర్క్ మార్గం (రూటు), ఏ కాన్ఫిగరేషన్ ఫైలులోనూ లేదు. ఇప్పుడు ప్రతి సర్వర్ నెలకొకసారి పగటివేళ, మనుషులు ఉండగా రీబూట్ అవుతుంది. చేత్తో చేసి మరిచిపోయిన మార్పు ఏదైనా ఉంటే నెలలోపే బయటపడుతుంది, దాన్ని చేసినవారికి అప్పటికింకా గుర్తుంటుంది.

వెనక్కి వచ్చే మార్గం విషయంలో ఒక్క జాగ్రత్త చెబుతాను. విడుదల మార్చే ముందు వర్చువల్ యంత్రాల డిస్క్ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్న స్థితికి నకలు) తీస్తాం. డేటాబేస్ ఉన్న యంత్రంలో అప్‌గ్రేడ్ తర్వాత వినియోగదారులను లోపలికి వదిలిన క్షణం నుంచి ఆ స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్తే వాళ్లు రాసినదంతా పోతుంది. అందుకే మా తనిఖీల స్క్రిప్టు పూర్తిగా నెగ్గే వరకు వినియోగదారులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌లో ఆ యంత్రాన్ని తెరవం. ఆ స్క్రిప్టు మొదట నలభై పంక్తులు. పైన చెప్పిన ప్రతి ఘటన తర్వాత కొంత పెరిగి ఇప్పుడు మూడు వందలు దాటింది. కంటైనర్ నుంచి డీఎన్‌ఎస్ అందుతోందా, రాత్రి నివేదిక చేరుతోందా, గణాంకాలు ఉన్నాయా, రూట్లు ఫైల్లో ఉన్నవేనా, అన్నీ అందులో ఉన్నాయి.

ఫెడోరా 41 విడుదల 2024 అక్టోబరు 29న వచ్చింది, అందులో డీఎన్‌ఎఫ్ స్థానంలో డీఎన్‌ఎఫ్5 వచ్చింది. మార్పుల జాబితా చదువుతుండగా, ప్యాకేజీ వెర్షన్ మారకుండా ఆపే వెర్షన్‌లాక్ దగ్గర ఆగాను. మేము కంటైనర్ ఇంజిన్ ప్యాకేజీని ఆ ప్లగిన్‌తో లాక్ చేసి ఉంచుతాం, దాన్ని మా చేతులతో మాత్రమే మారుస్తాం. కొత్త డీఎన్‌ఎఫ్ తన లాకులను వేరే ఫైలులో, వేరే ఫార్మాట్‌లో పెట్టుకుంటుంది. పరీక్షా యంత్రాన్ని మార్చి, అప్‌డేట్ కమాండ్ ఇచ్చి, ఒప్పుకోకుండా జాబితా మాత్రం చూశాను: లాక్ చేసిన ప్యాకేజీ అందులో ఉంది. పాత ఫైలు డిస్క్ మీద అలాగే ఉంది, కానీ దాన్ని చదివేవాళ్లు లేరు, ఎవరూ చదవడం లేదన్న హెచ్చరిక కూడా రాలేదు. పాత లావాదేవీల చరిత్ర కూడా కొత్త కమాండ్‌కు కనిపించదని అప్పుడే చూశాను, దాన్ని ప్రతి యంత్రం నుంచి ముందే ఒక టెక్స్ట్ ఫైలులోకి తీసి పెట్టుకున్నాం. లాకులను కొత్త రూపంలో తిరిగి రాసి, అవి నిజంగా పనిచేస్తున్నాయో చూసే ఆరు పంక్తులు తనిఖీల స్క్రిప్టులో చేర్చాను. డిసెంబరు మొదటి వారంలో పదకొండు సర్వర్లూ నాలుగు రోజుల్లో 41కి మారాయి. మొదటిది లేచి పింగ్‌కు జవాబు ఇవ్వడానికి పదహారు నిమిషాలు పట్టింది, తనిఖీలు పూర్తి కావడానికి మరో తొమ్మిది నిమిషాలు పట్టింది, ఆ తర్వాత లోడ్ బ్యాలెన్సర్‌లో దాన్ని తెరిచి రెండోదాని దగ్గరకు వెళ్లాం.